కోపం లేని కర్ర

హమాజి సెకిచి ఎడమచేతిలో మూడు వేళ్లు వంకర. ఒందో దీవి రేవులో ఆల్చిప్పలు ఒలిచే ఆడవాళ్లు ఆ వేళ్లని చూసి "పీతకాళ్లు" అనేవాళ్లు, అదీ ఆయన ముందే. ఆయన పట్టించుకునేవాడు కాదు. పొద్దున్నంతా ఆల్చిప్పలు పెంచే తెప్పల మీద పనిచేసి, మధ్యాహ్నం పడవెక్కి కురె పట్నానికి వెళ్లేవాడు. ఎండైనా వానైనా ఆ పడవ తప్పేది కాదు. ఎక్కడికని కొత్తవాళ్లు అడిగితే పడవవాడే జవాబు చెప్పేవాడు. "చెయ్యి పెట్టడానికి వెళ్తున్నాడు. కదిలించకండి."

అసలు ఆ వేళ్లు ఉండవలసినవి కావు.

1930లో జపాను యుద్ధనౌక మీద కళాసీగా అతనికి ఆరో ఏడు. కురె రేవులో లంగరు దింపుతుంటే మనిషి తొడంత లావు గొలుసు పట్టు తప్పి ఎగిరింది. పక్కనున్నవాడి మోకాలు విరిచి, వాణ్ని ఆ కాలుతో సహా నీళ్లలోకి ఈడ్చుకుపోయింది. హమాజి చేతిని ఇనపగట్టుకేసి నలిపి వదిలిపెట్టింది. చేతితొడుగు లాగితే చర్మం కూడా దానితోనే వచ్చింది. ఓడ డాక్టరు చూసి రంపం తెమ్మన్నాడు.

అదే ఓడలో ఇగుచి అనే అధికారి ఉండేవాడు. తెల్లమీసాల మనిషి, ఎవరిమీదా గొంతు పెంచనివాడు. ఆయనొచ్చి "ఇరవై రోజులు నాకివ్వండి డాక్టరుగారూ. మీ రంపం ఎక్కడికీ పారిపోదు" అన్నాడు.

అప్పటినుంచి రోజూ రెండు గంటలు, అంతటి అధికారి ఒక కళాసీ పక్కన నేలమీద కూర్చుని, ఆ నలిగిన చేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకునేవాడు. మొదటి వారం చీము కారింది. రెండో వారం గోళ్లు ఊడాయి. నొప్పి భరించలేక హమాజి ఒకసారి ఆయన భుజం కొరికాడు. ఇగుచి చెయ్యి తియ్యలేదు. ఇరవయ్యో రోజున వేళ్లు కదిలాయి. వంకరగానే, కానీ కదిలాయి. డాక్టరు రంపం పెట్టెలో పెట్టేశాడు.

ఇగుచి మరుసటేడు ఉద్యోగం మాని, కురెలో టోఫూ కొట్టు మీది మేడగది అద్దెకు తీసుకుని ఆ విద్య నేర్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు సముద్రాల అవతల కూడా దాన్ని రేకి అంటున్నారు. అప్పుడు కురెలో అది 'చెయ్యి పెట్టడం', అంతే. హమాజి కొత్త పెళ్లాం ఇసోని వెంటబెట్టుకుని వెళ్లాడు. ఓడలకి ఇనుము అతికేవాళ్లు, అధికారుల భార్యలు, ఒక మంగలి, మొత్తం పదహారుమంది మోకాళ్ల మీద కూర్చునేవాళ్లు. కిందనుంచి సోయాపాలు కాగుతున్న వాసన వస్తుండేది.

"మన మూలగురువు క్యోటో దగ్గర కొండెక్కి ఇరవయ్యొక్క రోజులు తిండి మానేశారు," అని చెప్పేవాడు ఇగుచి. "ఆఖరి రోజున నెత్తిమీద పిడుగు పడ్డట్టయిందట. కొండ దిగుతుంటే రాయి తగిలి కాలిగోరు లేచింది. చెయ్యి వేసుకుంటే రక్తం ఆగింది. తర్వాత టోక్యోలో భూకంపం వచ్చి ఊరంతా కాలిపోయినప్పుడు, రెండు చేతులూ చాలక పాదాలు కూడా ఆనించారని చెప్తారు."

"పాదాలా? కడుక్కున్నారా మరి?" అంది ఇసో. అందరూ నవ్వారు. ఇగుచి కూడా నవ్వాడు.

"మా ఓడలవాళ్లం దీన్ని ఎందుకు పట్టుకున్నామంటే," అన్నాడాయన, "మందు అయిపోతుంది. దూది అయిపోతుంది. నడిసముద్రంలో ఒక్కోసారి డాక్టరే అయిపోతాడు. చేతులు మాత్రం మనిషితోపాటే ఓడెక్కుతాయి."

ఆయన నేర్పిన వాటిలో రెండు సంగతులు హమాజి మనసులో మేకుల్లా దిగాయి. ఒకటి, నొప్పి ఉన్నచోట చెయ్యి పెడితే పెట్టినవాడి అరచేతిలో అదురు తెలుస్తుంది. ఆ అదురు తగ్గేదాకా చెయ్యి తియ్యకూడదు. రెండోది, పొద్దునా సాయంత్రం చేతులు జోడించి చదవవలసిన అయిదు మాటలు. ఈ ఒక్కరోజుకి కోపపడకు. చింతపడకు. ఉన్నదానికి కృతజ్ఞతతో ఉండు. నీ పని శ్రద్ధగా చెయ్యి. మనుషులపట్ల దయగా ఉండు.

నాలుగేళ్లకి హమాజి సరంగు అయ్యాడు. పాతికమంది కళాసీల మీద పెత్తనం వచ్చింది. దానితోపాటు కర్ర వచ్చింది.

చేతి మణికట్టంత లావు ఓక్ చెట్టు కర్ర అది. దానిమీద సిరాతో 'ధైర్యం ఎక్కించేది' అని రాసి ఉండేది. అన్ని ఓడల్లోనూ ఉండేది. సాయంత్రం భోజనాలయ్యాక కళాసీలు వరసగా నిలబడాలి. చేతులు పైకెత్తి, కాళ్లు ఎడంగా పెట్టి, ముందుకు వంగాలి. ఆ రోజు ఎవరో మోకు సరిగా చుట్టలేదనో, ఇంకెవరో బదులు చెప్పడంలో గొంతు తగ్గిందనో, ఏదో ఒకటి దొరికేది. దొరక్కపోతే, తప్పేమీ దొరకనంత జాగ్రత్తగా ఉన్నందుకు కొట్టేవాళ్లు. పిరుదులు నల్లబడి, పగిలి, లోపలి బట్ట అంటుకుపోయేది. పడుకుంటే బోర్లా పడుకోవలసిందే.

పెద్ద సరంగు ఒనిత్సుకా బూతులు తిడుతూ కొట్టేవాడు. మెడనరాలు తేలేవి, నోట్లోంచి తుంపర్లు పడేవి. నాలుగో దెబ్బకి ఆయాసం వచ్చి కర్ర దింపేసేవాడు.

హమాజి అలా కాదు. తూర్పుకి తిరిగి చేతులు జోడించి, అయిదు మాటలూ చదివి, అప్పుడు కర్ర అందుకునేవాడు. కోపపడకు అన్నారు కనక కోపపడేవాడు కాదు. పని శ్రద్ధగా చెయ్యమన్నారు కనక శ్రద్ధగా కొట్టేవాడు. సరంగు పని కొట్టడమే కదా, కోపం లేకుండా చేస్తే అందులో తప్పేముంది అని అతని లెక్క. పదో దెబ్బ మొదటి దెబ్బలాగే పడేది. ఊపిరి కూడా మారేది కాదు. కళాసీలు ఊయల పడకలు కట్టుకున్నాక వచ్చి, తను వాయగొట్టిన చోటే అరచేతులు పెట్టి ఒక్కొక్కరి దగ్గరా కూర్చునేవాడు. వాపు తగ్గేది కూడా. అది చూసుకుని అతను నిజంగా సంతోషించేవాడు. ఓడలో తనంత మంచి సరంగు లేడనుకునేవాడు.

కళాసీలు ఏమనుకునేవాళ్లో అతనికి చాలాకాలం తెలియలేదు. వాళ్లలో కజిమొతో అని ఇరవయ్యొక్కేళ్లవాడు ఉండేవాడు. కురె కొండవాలులో గదులకి పరిచే గడ్డిచాపలు కుట్టే ఇంటివాడు. నోరు జాస్తి.

"ఒనిత్సుకా సరంగు కుక్కరా," అనేవాడు కజిమొతో తోటివాళ్లతో. "కరుస్తుంది, పోతుంది. మనవాడు పళ్ల డాక్టరు. మంచి పన్నే పీకి, తర్వాత ప్రేమగా దూది పెడతాడు."

1937 శరత్కాలంలో ఆ కజిమొతో చేతిలోంచే చిన్నపడవని లాగే కొక్కెపు గడ జారి నీళ్లలో పడిపోయింది. ఓడమీద మేకు కూడా చక్రవర్తిగారి సొత్తే. ఆ సాయంత్రం వరసంతటికీ తలా మూడు, కజిమొతోకి పన్నెండు అన్నాడు హమాజి, ఊరి పేరు చెప్పినంత మామూలుగా.

చేతులు జోడించాడు. చదివాడు. కర్ర తీశాడు.

అయిదో దెబ్బకి కజిమొతో పంట్లాం తడిసి నల్లబడింది. ఆరో దెబ్బకి పెదవి కొరుక్కుంటే గడ్డం మీదుగా రక్తం కారింది. ఏడో దెబ్బ పడ్డాక అతను నడుము మెలితిప్పి వెనక్కి చూశాడు.

"సరంగుగారూ," అన్నాడు. "ఒక్కసారి కోపం తెచ్చుకోండి. మీకు పుణ్యం ఉంటుంది. తొందరగా అయిపోతుంది."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎనిమిదో దెబ్బ అప్పటికే గాలిలో ఉంది. ఒళ్లు తిరిగి ఉండటంతో అది పిరుదుల మీద పడలేదు. వెన్నుపూస మీద పడింది. తడి చెక్క విరిగిన చప్పుడైంది. కజిమొతో అరవలేదు. కాళ్లు కింద లేనట్టు, నిలువునా కూలిపోయాడు.

హమాజి కర్ర పడేసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. చొక్కా చించి వెన్నుమీద రెండు అరచేతులూ ఆనించాడు. అంత అదురు అతను ఎన్నడూ ఎరగడు. అరచేతుల్లోంచి మోచేతులదాకా, అక్కణ్నించి భుజాల్లోకి సూదుల్లా పాకింది.

"కదలకు. పట్టుకుంటాను, తగ్గుతుంది," అన్నాడు.

కజిమొతో చెంప నేలకి ఆని ఉంది. ఒక కన్ను మాత్రం పైకి కనిపిస్తోంది.

"వెచ్చగా ఉన్నాయి సరంగుగారూ మీ చేతులు," అన్నాడు. "తీసెయ్యండి."

"ఆగరా, అదురు ఇంకా..."

"తీసెయ్యండి. కర్రకీ వాటికీ నాకు తేడా తెలియడం లేదు."

అదురు తగ్గకుండా హమాజి చేతులు తియ్యడం అదే మొదటిసారి.

నిచ్చెన మీదనుంచి పడ్డాడని ఓడ డాక్టరు రాశాడు. చూశానని హమాజి కింద ముద్ర వేశాడు. కజిమొతోని ఒడ్డుమీద ఆసుపత్రికి చేర్చారు. నడుము కింద స్పర్శ లేదన్నారు. ప్రతి ఆదివారం హమాజి వెళ్లేవాడు. కజిమొతో గోడవైపు తల తిప్పుకునేవాడు. నాలుగో ఆదివారం ఒక్కమాట అన్నాడు. "నేను రమ్మనేదాకా నామీద చెయ్యి వెయ్యొద్దు."

ఇంటికొచ్చి ఇసోతో జరిగినదంతా చెప్పాడు. ఆమె చేప పొలుసు తీస్తోంది. చివరిదాకా వింది.

"కోపం లేకుండా కొట్టారు," అంది.

"ఒక్కసారి కూడా కోపపడలేదు. ప్రమాణం చేసి చెప్తాను."

"అయిదు మాటలూ చదివే కొట్టారా?"

"రోజూ."

"అయిదోది ఏమిటండీ?"

హమాజి మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు. "మనుషులపట్ల దయగా..." అన్నదాకా వచ్చి ఆగిపోయాడు.

"మొదటి మాట దగ్గర తలుపేసుకుని కూర్చున్నారు," అంది ఇసో, కత్తి కడుగుతూ. "తిట్టి కొట్టే ఒనిత్సుకాకి తను కొడుతున్నానన్న సంగతైనా తెలుసు."

మర్నాడు సాయంత్రం వరస నిలబడింది. హమాజి చేతులు జోడించలేదు. కర్రని ఒనిత్సుకా కాళ్ల దగ్గర పెట్టి "నేను కొట్టను" అన్నాడు.

"జ్వరమా?"

"కాదు. ఇక కొట్టను."

ఒనిత్సుకా కర్రవైపు చూశాడు, వరసవైపు చూశాడు. పాతికమంది కళాసీలు వింటున్నారు. "అయితే కొట్టేవైపు నీకు చోటు లేదు. అటెళ్లి నిలబడు," అన్నాడు.

హమాజి వెళ్లి వరస చివర చేతులెత్తి వంగాడు. ఆ సాయంత్రం ఒనిత్సుకాకి నాలుగో దెబ్బకి ఆయాసం రాలేదు. పదికి కర్ర చేతులు మారింది. ఇంకో సరంగు అందుకున్నాడు, తర్వాత ఇంకొకడు. కోపంతో పడిన దెబ్బలూ ఉన్నాయి, నవ్వుతూ పడినవీ ఉన్నాయి, ఊరికే పనిలా పడినవీ ఉన్నాయి. కిందనుంచి చూస్తే అన్నీ ఒకటే కర్ర. ఇరవై ఏడుదాకా అతను లెక్కపెట్టాడు. తర్వాత పడిపోతే, పడినచోటే మూత్రపిండాల మీద బూటుకాళ్లతో తన్నారు. నెలరోజులు ఎర్రగా పోసుకున్నాడు. నౌకాదళానికి పనికిరాడని ఇంటికి పంపేశారు.

ఒందోలో చిప్పల తెప్పల మీద పనికి కుదిరాక హమాజి ఒక ఒట్టు పెట్టుకున్నాడు. కజిమొతో పిలిచి, తనమీద చెయ్యి వెయ్యనిచ్చేదాకా ఇంకెవరిమీదా వెయ్యకూడదని. ఇగుచి అప్పటికి పోయాడు. ఇరుగుపొరుగు పిల్లల కడుపునొప్పులకీ, ముసలాళ్ల నడుములకీ ఇసోయే చెయ్యి పెట్టేది. నెలకొకసారి ఒకటో తారీఖున హమాజి కురె కొండవాలెక్కి, చాపల ఇంటి ముందు నిలబడేవాడు. లోపల కజిమొతో పడుకునే ఉండి, చాపలకి అంచు కుట్టేవాడు. వాడి తల్లి బయటికొచ్చేది. మొదటిసారి కుడితినీళ్లు ముఖాన కొట్టింది. రెండోసారి చాపలు మొత్తే కొయ్యసుత్తి విసిరితే కనుబొమ చిట్లింది.

"నా బిడ్డ నడిచివెళ్లి నీ దగ్గరికొచ్చాడు," అనేది. "నడిపించి తీసుకురా, తలుపు తీస్తాను."

అతను వంగి దణ్ణం పెట్టి దిగిపోయేవాడు. అలా ఎనిమిదేళ్లు.

1945 జూన్‌లో ఒక పొద్దున, ఇసో కురె నౌకా కర్మాగారంలో పనివాళ్లకి వంట చేస్తుండగా విమానాలొచ్చాయి. బాంబులు పడుతుంటే ఒందో కిటికీలు కూడా అదిరాయి. హమాజి దోనె వేసుకుని తెడ్డు విరిగేలా అవతలికి చేరాడు. కర్మాగారం కప్పులు లేవు. ఇనపదూలాలు దారాల్లా వంగి ఉన్నాయి. మనుషులు ముక్కలుగా ఉన్నారు. చెయ్యి ఒకచోట, చేతికి కట్టుకున్న పేరుగుడ్డ ఇంకోచోట. కాలువగట్టున ఇసో కనిపించింది, చెవిలోంచి రక్తం కారుతోంది. కడుపు తెరుచుకున్న ఆడమనిషి మీద ఒక చెయ్యి, ముఖం కాలిన కుర్రదాని నెత్తిమీద ఇంకో చెయ్యి పెట్టి కూర్చుంది.

"రండి. అటు నలుగురున్నారు, చెయ్యి పెట్టండి," అంది.

"వాళ్లని ఆసుపత్రికి మోస్తాను."

"ఆసుపత్రా? అదిగో, మండుతోంది. చెయ్యి పెట్టండి."

"నాకు అనుమతి లేదు ఇసో."

ఆమె తలెత్తి చూసింది. "చచ్చేవాడికి ఏం చూపిస్తారు, అనుమతి కాగితమా?"

అతను వినలేదు. మోశాడు. ఒకరి తర్వాత ఒకరిని వీపున వేసుకుని, పొగలోంచి కొండకింది సొరంగందాకా పందొమ్మిదిమందిని చేర్చాడు. అందులో ఒకడు ఇగుచి మేడగదిలో పక్కన కూర్చుని నేర్చుకున్న ఇనుము అతికేవాడే. వాడి ఛాతీలో ఇనపముక్క దిగి ఉంది. "హమాజి, నువ్వే కదా, కాస్త చెయ్యి పెట్టు," అని దారిపొడుగునా చెవిలో అడుగుతూనే ఉన్నాడు. "వచ్చేశాం, వచ్చేశాం" అంటూ హమాజి పరుగెత్తాడు. సొరంగం దగ్గర దింపేసరికి అడగడం ఆగిపోయింది.

యుద్ధం అయిపోయింది. ఆ అక్టోబరులో ఒక మధ్యాహ్నం, ఒందో రేవులోకి కజిమొతో తల్లి వచ్చింది. చిప్పలు ఒలిచే ఆడవాళ్ల మధ్యలోంచి తిన్నగా నడిచి హమాజి ముందు నిలబడింది.

"రమ్మంటున్నాడు," అంది. "ఎందుకని నన్నడక్కు. నేనైతే పిలవను."

బాంబుల మంటల్లో ఆ ఇల్లు సగం పోయింది. మిగిలిన గదిలో, చాపమీద కజిమొతో బోర్లా పడుకుని ఉన్నాడు. ముప్ఫై కూడా నిండనివాడు, ముసలివాడిలా ఉన్నాడు. నడుము మీద పుండ్లు, ఎముక కనిపించేంత. గదిలో ఆ వాసనే.

"బాంబుల రోజున మీరెవరిమీదా చెయ్యి వెయ్యలేదట," అన్నాడు, తల తిప్పకుండానే.

"నువ్వు రమ్మనలేదు. అందుకని ఒట్టు పెట్టుకున్నాను."

కజిమొతో నవ్వాడు. నవ్వితే పుండ్లు లాగి మూలిగాడు.

"నామీద వెయ్యొద్దన్నాను. ఊళ్లోవాళ్ల మీద వెయ్యొద్దన్నానా? అప్పుడేమో కోపం లేదు కదా అని కొట్టారు. ఇప్పుడు ఒట్టుంది కదా అని చావనిచ్చారు. మీకు ఎప్పుడూ ఒక మాట కావాలి సరంగుగారూ, వెనక దాక్కోడానికి. ఈసారి నా పేరే అడ్డం పెట్టుకున్నారు."

హమాజి నుదురు నేలకి ఆనించాడు.

"లేవండి. దణ్ణాలకి పిలవలేదు. చేతులు పెట్టండి."

"నయం చెయ్యగలనని..."

"నయానికి కాదు. ఎనిమిదేళ్లుగా ఇక్కడేముందో నాకూ అమ్మకీ తెలుసు. మీకు తెలియాలి. అరచేతుల్లో తెలుస్తుందన్నారు కదా."

హమాజి ముందుకు జరిగాడు. ఏ మాటా చదవలేదు. పుండ్లకి పైన, చర్మం మిగిలిన చోట, వంకర వేళ్ల చెయ్యీ మంచి చెయ్యీ ఆనించాడు. అదురు ఎక్కడ ఆపాడో అక్కడే ఉంది, ఆ ఓడమీద సాయంత్రంలాగే. అరచేతుల్లోంచి మోచేతులకి, భుజాలకి, పళ్లలోకి పాకింది. కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం కిందనుంచి చాపమీద పడుతున్నాయి. తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఎండ గుమ్మం దాటి గోడెక్కింది. తల్లి అరుగుమీద అటు తిరిగి కూర్చుని ఉంది. కాసేపటికి లేచి, ఉడికిన చిలగడదుంప ఒకటి కొడుకు చేతికిచ్చింది. ఇంకొకటి హమాజి ముందు పెట్టింది. అది చల్లారిపోతూ ఉంది. ఆమె దానివైపు చూసింది, కదలని అతని చేతులవైపు చూసింది, చిట్లిన కనుబొమ మీది మచ్చవైపు చూసింది. విసుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుని, దుంప తుంచింది.

"నోరు తెరువు," అంది.

అతను తెరిచాడు.

"తగ్గిందా?" అన్నాడు కజిమొతో, నములుతూ.

"లేదు."

"అయితే ఉండండి. పడవ పోతే పోయింది, పొద్దున వెళ్దురుగాని. రేపు మధ్యాహ్నం పడవకి మళ్లీ రావాలి ఎలాగూ."